గొడుగుల కంపెనీ పేజీలో ఒక వాక్యం

మా అక్క చేతులు ఎవరైనా చూడొచ్చు. అంతర్జాలంలో అందరూ కలిసి రాసే విజ్ఞాన సర్వస్వం ఉంది కదా, అందులో గొడుగుల కంపెనీ పేజీ తెరిస్తే కుడిపక్కన ఒక ఫోటో కనిపిస్తుంది. కుట్టుమిషన్ మీద నల్లగుడ్డ, దాన్ని ముందుకు తోస్తున్న రెండు చేతులు, ఎడమ బొటనవేలికి అరిగిపోయిన తోలు తొడుగు. మొహం లేదు. ఆ ఫోటో తీసింది నేనే. "మొహం ఎందుకురా, చేతులు చాలు. నా మొహం చూస్తే కొనేవాళ్ళు కూడా పారిపోతారు" అంది అక్క అప్పుడు.

నేను బళ్ళో భూగోళం చెబుతాను. బడి వదిలాక ఆ సర్వస్వంలో తప్పులు దిద్దుతాను. జీతం లేదు, సన్మానం లేదు, అసలు పేరే లేదు. అక్కడ అందరివీ మారుపేర్లే. నాది 'పటం'. నదుల పొడవులూ కొండల ఎత్తులూ సరిచేస్తూ మొదలుపెట్టి మెల్లగా మునిగిపోయాను. మా ఆవిడ దీన్ని జీతం లేని కొలువు అంటుంది. కొలువు కాదు, జబ్బు. రోడ్డు మీద తప్పుల బోర్డు కనిపిస్తే పెన్ను కోసం జేబు తడుముకునే రకం మనుషులం మేమంతా. ఎవరైనా "అందరికీ తెలిసిందే కదండీ" అన్నారంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అందరికీ తెలిసిందయితే ఎక్కడ అచ్చయిందో చూపించవయ్యా అంటాను. సర్వస్వంలో మొదటి నియమం అదే. నీకు తెలిసింది రాయకూడదు, అచ్చులో ఉన్నది రాయాలి.

ఇంకో నియమం కూడా ఉంది. సొంతవాళ్ళ గురించి రాసేవాడు ఆ సంగతి ముందే బయటపెట్టాలి. బయటపెట్టాక ఆ పేజీ మీద చెయ్యి వేయకూడదు. ప్రతి పేజీకీ వెనక చర్చ అని ఇంకో పేజీ ఉంటుంది, అక్కడ సలహా చెప్పి ఊరుకోవాలి. గొడుగుల కంపెనీ పేజీ మొదలుపెట్టినప్పుడు నాకా నియమం గుర్తే రాలేదు. అక్క అక్కడ కుట్టేమనిషి, కంపెనీలో వాటాదారేం కాదు కదా.

అక్క నాకంటే పదేళ్ళు పెద్ద. అమ్మ పనికి వెళ్తే నన్ను చంకనేసుకుని తిరిగింది. పెళ్ళికి ముందు నుంచీ ఆ కంపెనీలోనే ఉంది, ఇప్పుడు కుట్టు హాలు మొత్తానికీ ఆవిడదే పెత్తనం. హాలంటే పొడుగాటి రేకుల షెడ్డు. గోడల పైభాగంలో అద్దాల కిటికీలు, వరసగా మిషన్లు, వాటి పక్కన కత్తిరించిన మూడుమూలల ముక్కల గుట్టలు. ఆ ముక్కల్ని కలిపి కుట్టి, ఊచల మీద బిగువుగా లాగి, ప్రతి ఊచ కొన దగ్గరా చేత్తో నాలుగు కుట్లు వేస్తారు. మిషన్‌తో వేస్తే గాలికి చిరుగుతుందట. ఈ సంగతి ఒక పాత పత్రికలో అచ్చయి ఉంది, కాబట్టి పేజీలో రాశాను. అక్క అది చదివి ఫోన్ పట్టుకుని వీధంతా చూపించుకొచ్చింది. బావని పట్టుకుని మూడుసార్లు చదివించింది. ఆయన బస్సు నడిపి నడిపి అలిసిపోయి వచ్చిన మనిషి, "బాగుంది, బాగుంది" అంటూనే కునుకు తీశాడట.

కంపెనీ యజమానిని అందరూ పెద్దాయన అంటారు. మనిషి చెడ్డవాడని నేననను. హాల్లో ఒకమ్మాయి కూతురికి జ్వరం ముదిరితే తన కారిచ్చి ఆసుపత్రికి పంపించాడు. ఆ అమ్మాయిది బయటినుంచి వచ్చిన కుటుంబం. గొడుగు మూసి చుట్టే పట్టీ ఉంటుంది కదా, చేరిన కొత్తలో ఆ పట్టీకి బొత్తాం కుట్టే పని ఇచ్చారు. అప్పటినుంచీ ఆమె పేరు బొత్తాం. ఇప్పుడు అక్క తర్వాత అంతటి చెయ్యి ఆమెదేనని అక్కే చెబుతుంది. హాల్లో సగానికి పైగా అలా బయటినుంచి వచ్చినవాళ్ళే.

ఎన్నికల ముందు ఆ పెద్దాయన ఒక పార్టీ సభలో వేదిక ఎక్కాడు. బయటినుంచి వచ్చి చేరినవాళ్ళందర్నీ వెనక్కి పంపేయాలనే పార్టీ అది. ఆయన మైకు పుచ్చుకుని, "మనిల్లు మనకే ఇరుకైపోతోంది, వచ్చినవాళ్ళు వచ్చిన దారినే పోవాలి" అన్నాడు. మర్నాడు పేపర్లన్నిటిలోనూ అదే. ప్రతి పేపరూ ఆయన్ని 'గొడుగుల కంపెనీ యజమాని' అనే రాసింది. ఇంకేమని రాస్తుంది, ఆయన్ని లోకం ఎరిగింది గొడుగుల వల్లే.

ఇక చూడండి మా పేజీ గతి. ఎవరో కోపిష్టి మనిషి వచ్చి తలా తోకా లేని తిట్లు ఒక పేరా నింపాడు. కంపెనీ ఆఫీసులోంచి ఎవరో ఆ రోజే పుట్టిన మారుపేరుతో వచ్చి మొత్తం తుడిచేశారు. ఆ మారుపేరు 'నిజం'. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. వీడు రాయడం, వాడు తుడవడం, సాయంత్రానికి పేజీ సంతలా తయారైంది. అప్పుడు 'దిద్దుబాటు' అనే ఆయన వచ్చి పేజీకి తాళం వేశాడు. ఆయనెవరో, ఎక్కడుంటాడో నాకు తెలియదు. నిదానస్తుడు, ఎవర్నీ ఒక్క మాట అనడు, అలాగని ఒక్క కామా కూడా వదలడు. చర్చ పేజీలో తేల్చుకుని రండి, అప్పుడు తాళం తీస్తానన్నాడు.

చర్చ పెద్దదే జరిగింది. కంపెనీ పేజీలో కంపెనీ సంగతులుండాలి గానీ యజమాని సొంత రాజకీయం ఎందుకని కొందరు. ఆయనకి వేరే పేజీ లేదు, ఇక్కడ రాయకపోతే ఎక్కడ రాస్తామని కొందరు. ఆయన ఏం తింటాడో, ఏ గుడికెళ్తాడో కూడా రాద్దామా అని ఇంకొకరి వెటకారం. నాకు మాత్రం మొదట్నుంచీ ఒకటే అభిప్రాయం. ఆయన ఆ వేదిక మీదకి ఒంటరిగా ఎక్కలేదు. కంపెనీ పేరు ఎక్కించింది ఆయన్ని. ఆ పేరుని నాలుగేసి కుట్లతో నిలబెట్టినవాళ్ళలో సగం మందిని పొమ్మంటున్నప్పుడు అది కంపెనీ సంగతి కాకుండా ఎలా పోతుంది?

చివరికి నేనే ఒక పేరా రాసి చర్చలో ముందుంచాను, అందరూ సరేనన్నాక తాళం తీశారు. ఆయన అన్న మాట ఉన్నదున్నట్టు. తర్వాత పేపర్లవాళ్ళు అడిగితే, 'అది నా సొంత మాట, కంపెనీది కాదు' అని ఆయనిచ్చిన జవాబు. కుట్టు హాల్లో ఎక్కువమంది బయటినుంచి వచ్చినవాళ్ళేనని ఒక చిన్న పత్రికలో వచ్చింది, అది. వాళ్ళలో ఎవర్నీ పనిలోంచి తీయలేదని అదే పత్రిక రాసింది, అదీ. అన్నీ కలిపి పేజీకి అట్టడుగున, 'యజమాని అభిప్రాయాలు' అనే శీర్షిక కింద పెట్టాను. దిద్దుబాటు చదివి 'తూకం బాగుంది' అన్నాడు. ఆయన నోట ఆ మాట వినడమంటే మా లోకంలో శాలువా కప్పించుకోవడమే.

ఆ ఆదివారం పొద్దున్నే అక్క పిలిచింది. వెళ్ళేసరికి వంటగది బల్ల దగ్గర కూర్చుని తోలు తొడుగులో ఇరుక్కున్న దారప్పోగులు సూదితో తీస్తోంది. బొత్తాం కూడా అక్కడే ఉంది, పక్క వాటాలోనే వాళ్ళ కాపురం. నేను కుర్చీ లాక్కుని కూర్చునేలోపే అక్క మొదలుపెట్టింది.

"ఒరేయ్, అది నువ్వు రాసిందేనా?"

"ఏది?"

"నాటకాలాడకు. కింద ఉంది చూడు, పెద్దాయన మీటింగు సంగతి."

"నేనే రాశానక్కా. నేను రాయకపోతే ఇంకెవడో ఇంకా ఘోరంగా రాస్తాడు."

"ఆయన ఎవరికి ఓటేసుకుంటే గొడుక్కేంట్రా? వాన పడ్డప్పుడు అది నీది ఏ పార్టీ అని అడిగి తెరుచుకుంటుందా?"

బొత్తాం ఫక్కున నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. అక్క నవ్వలేదు.

"అది పేపర్లలో వచ్చిన మాటక్కా."

"పేపరు రేపు చిత్తుకాగితం. నువ్వు రాసింది పోదుగా. నువ్వే కదరా చెప్పావు, ఇందులో ఎక్కిందంటే ఎప్పటికీ ఉంటుందని!" సూది పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "షాపులవాళ్ళు వస్తున్నారు, తెలుసా నీకు? ఊరూరా షాపులున్నవాళ్ళు. వాళ్ళ ఆర్డరొస్తే హాలు నడుస్తుంది. రాకపోతే హాలు మూసేసి, తయారైన గొడుగులు ఎక్కడినుంచో తెప్పించుకుని పేరు అతికించి అమ్ముకుంటామని పెద్దాయన కొడుకు మా మొహం మీదే చెప్పేశాడు. ఇప్పుడా నువ్వు ఈ రాద్ధాంతం పెట్టేది?"

బొత్తామే నెమ్మదిగా అంది.

"ఆయనన్నాడు కదక్కా. అన్నమాట రాస్తే తప్పేముంది?"

"నువ్వు కూడానా?"

"మిషన్ ముందు కూర్చున్నప్పుడల్లా నాకా మాట వినిపిస్తూనే ఉంది. ఎక్కడో తుడిచేసినంత మాత్రాన నాకు వినిపించడం మానేస్తుందా?"

"మరి నీ పిల్లకి జ్వరమొస్తే కారు పంపింది ఎవరే?"

"ఆయనే. అదీ రాయమను."

కారు సంగతి ఎక్కడా అచ్చుకాలేదు కాబట్టి రాయడం కుదరదని చెప్పబోయి నోరు మూసుకున్నాను. ఆ పూట ఆ మాట అంటే అక్క సూది నా మీదే గుచ్చేది. అక్క బొత్తాం మీంచి చూపు తిప్పేసి సూది మళ్ళీ చేతిలోకి తీసుకుంది. తర్వాత నాతో, "తీసేస్తావా లేదా? ఆ ఒక్కటీ చెప్పు" అంది.

"చూస్తానక్కా" అన్నాను.

ఈ 'చూస్తాను' అనే మాట కనిపెట్టినవాడు నాలాంటి పిరికివాడే అయ్యుంటాడు. కాదని చెప్పినట్టూ కాదు, అవునన్నట్టూ కాదు. నియమం ఒప్పుకోదక్కా అని చెప్పొచ్చు. అంతకన్నా అసలు సంగతి, నాకే ఇష్టం లేదక్కా, అది ఉండాల్సిందేనని నా ఉద్దేశం అని చెప్పొచ్చు. నన్ను చంకనేసుకుని పెంచిన మనిషి ముందు ఆ మాట అనలేకపోయాను. బల్ల మీద టీ చల్లారిపోయింది, తాగకుండానే లేచి వచ్చేశాను.

ఆ తర్వాత అక్క ఫోన్లు మొదలయ్యాయి. పొద్దున ఒకసారి, బడి విరామంలో ఒకసారి, సాయంత్రం ఒకసారి. నేను ఫోన్ని బల్ల మీద బోర్లా పెట్టేవాణ్ణి. పరీక్ష పేపర్లు దిద్దుతున్నానని మా ఆవిడ చేత చెప్పించాను. ఇవాళ కాకపోతే రేపు మాట్లాడొచ్చు, షాపులవాళ్ళు వచ్చి వెళ్ళిపోయాక తనే చల్లబడుతుంది అనుకున్నాను. అట్టడుగున ఉన్న పేరా అసలెవరు చదువుతారు?

అక్కకి ఫోన్‌లో టైప్ చేయడం నేర్పింది నేనే. గొడుగుల పేజీ చూపించి మురిసిపోయిన రోజున, వెనకున్న చర్చ పేజీ కూడా చూపించి, "ఏదైనా చెప్పాలంటే ఇక్కడ రాయొచ్చక్కా, నేను చూస్తాను" అన్నాను. ఆవిడ ఆ మాటని గుర్తుపెట్టుకుంది. అది నాకొక్కడికే చేరే చోటనుకుంది. ఒక బుధవారం మధ్యాహ్నం స్టాఫ్ రూములో కూర్చుని చర్చ పేజీ తెరిస్తే అందరి వాదనల కింద ఇలా ఉంది:

'ఒరేయ్ చిన్నోడా ఫోను ఎందుకు ఎత్తవు. తిన్నావా. పటం అంటే నువ్వే అని నువ్వే చెప్పావు కదా అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ పెద్దాయన సంగతి తీసెయ్యి నాయనా. షాపులవాళ్ళు వచ్చే వారం వస్తున్నారు హాలు మూస్తే మేమందరం ఎక్కడికి పోవాలి. ఆ ఫోటోలో చేతులు నావే కదరా నా మాట ఒక్కటి వినలేవా. మందులు వేసుకుంటున్నావా. ఇట్లు మీ అక్క. ఫోను ఎత్తు.'

తుడిచేద్దామని చెయ్యి వెళ్ళింది, తుడిచినా లాభం లేదు. అక్కడ తుడిచిన మాట కూడా పాత ప్రతుల్లో పదిలంగా ఉంటుంది, ఎవరైనా తీసి చూడొచ్చు. అప్పటికే కింద జవాబులు మొదలయ్యాయి. ఎవరో నవ్వుల బొమ్మలు పెట్టారు. నాకు వాళ్ళని పట్టుకుని కొట్టాలనిపించింది. దిద్దుబాటు మాత్రం అక్కకి వేరుగా, 'అక్కగారూ, నమస్కారం. ఇది అందరికీ కనిపించే చోటు. మీ తమ్ముడికి మీ కబురు అందింది' అని రాశాడు. తర్వాత నన్నడిగాడు, ఇది నిజమేనా అని.

నిజమేనన్నాను. ఏం అనగలను?

'మీ మీద నాకు అనుమానం లేదు. కానీ ఇకమీద మీరు ఆ పేజీ మీద చెయ్యి వేయకపోవడం న్యాయం. మిగతావాళ్ళం చూసుకుంటాం' అన్నాడు. అందులో తప్పు పట్టడానికేం లేదు. ఇంకొకరి విషయమైతే నేనూ అదే అనేవాణ్ణి, ఇంకాస్త కటువుగా అనేవాణ్ణి.

కానీ నేను పక్కకి తప్పుకోగానే మాటల దారి మారింది. 'ఈ పేరాలో యజమానిని వెనకేసుకొచ్చే వాక్యాలు ఎందుకున్నాయో ఇప్పుడు తెలిసింది' అని ఒకరన్నారు. వెనకేసుకొచ్చే వాక్యాలంటే ఏవి? హాల్లో ఉన్నవాళ్ళెవరో చెప్పిన వాక్యం, ఎవర్నీ తీసేయలేదన్న వాక్యం. ఆ చిన్న పత్రికని ఎవరూ ఎరగరు, అక్క కోసం తమ్ముడు ఇరికించాడు, తీసేద్దాం అన్నారు. యజమాని ఇచ్చుకున్న జవాబు కూడా సంజాయిషీలా ఉంది, పోనీయండి అన్నారు. నేను చర్చలో ఎంత మొత్తుకున్నా గోడకి చెప్పుకున్నట్టే అయింది. నా నోట వచ్చే ప్రతి మాటా ఇప్పుడు అక్క మాటే వాళ్ళకి.

చివరికి ఒక్క వాక్యం మిగిలింది. 'బయటినుంచి వచ్చినవారిని వెనక్కి పంపాలని ఈ సంస్థ యజమాని బహిరంగ సభలో పిలుపునిచ్చారు.' అంతే. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు.

అప్పుడు మా పద్ధతి ఇంకొకటి అడ్డుపడింది. ఒక్క వాక్యం కోసం ప్రత్యేకంగా శీర్షిక ఉంచరు మా దగ్గర, దగ్గర్లో ఉన్న పేరాలో కలిపేస్తారు. యజమాని పేరు, కంపెనీ ఎప్పుడు పెట్టిందీ వగైరా ఉన్నది మొదటి పేరాలో. ఆ వాక్యాన్ని తీసుకెళ్ళి అక్కడ పెట్టారు. పెట్టింది దిద్దుబాటే. ఎవరి మీదా కోపంతో కాదు. ఇల్లు సర్దేటప్పుడు ఒంటరి గిన్నెని దాని వరసలో పెడతాం చూడండి, అలా పెట్టాడు. అట్టడుగున ఎవరి కంటా పడకుండా ఉన్నది ఆ రకంగా గుమ్మంలోకి వచ్చి కూర్చుంది. ఫోన్‌లో కంపెనీ పేరు కొడితే ఇప్పుడు కనిపించేది రెండు వాక్యాలు, ఒక ఫోటో. గొడుగులు తయారుచేస్తారు అని ఒకటి, ఆ సభ సంగతి ఇంకొకటి, పక్కనే మా అక్క చేతులు.

నేను దిద్దుబాటుకి రాశాను, బతిమాలుతూ రాశాను. ఆయన మర్యాదగానే జవాబిచ్చాడు. 'మీ మాటలో న్యాయం ఉందేమో. కానీ చర్చ ముగిసింది. పెద్ద పత్రికలో కొత్త ఆధారం ఏదైనా దొరికితే మళ్ళీ చూద్దాం.' హాలు పక్క వీధిలోనే ఉంది. అందులో ఎవరున్నారో నేను కళ్ళారా చూశాను. చూసింది రాయకూడదు కదా, ఆ నియమం పదిమందికి నేర్పినవాణ్ణి నేనే.

షాపులవాళ్ళ తరఫున ఒకావిడ వచ్చిందట. ఇది నాకు బొత్తాం చెప్పింది. బూడిదరంగు కోటు వేసుకున్న మనిషి, ముక్కుసూటి మాట, గొడుగుల పని బాగా తెలిసినావిడ. ఒక గొడుగు తెరిచి, తిరగేసి, ఊచ కొనల దగ్గర కుట్లు వేలితో లాగి చూసి, "ఇవి చేత్తో వేసినవి" అంది. అక్క పొంగిపోయింది. అప్పుడావిడ కళ్ళు అక్క బొటనవేలి మీద పడ్డాయి. వెంటనే ఫోన్ తీసి చూపించి, "ఈ చేతులు మీవేనా?" అని అడిగింది.

"నావేనండీ! మా తమ్ముడు తీశాడు" అంది అక్క.

ఆవిడ ఆ ఫోటో పక్కనున్న వాక్యం మళ్ళీ చదువుకుంది. తర్వాత మెల్లగా అంది, "నేను ఇది రాత్రే చూశాను. వచ్చి మాట్లాడదాం అనుకున్నాను. మా షాపులకొచ్చేవాళ్ళలో సగం మంది బయటినుంచి వచ్చినవాళ్ళేనమ్మా. రేపు ఎవరైనా ఇది తీసి చూపిస్తే మేం ఏం చెప్పాలి?"

"ఇక్కడ కుట్టేవాళ్ళూ వాళ్ళేనండీ. ఇదిగో, ఈ పిల్ల. ఆ వరసంతా వాళ్ళే. కావాలంటే అడగండి."

"నేను నమ్ముతానమ్మా. కానీ ఆ మాట ఎక్కడా లేదే" అందావిడ.

గొడుగు జాగ్రత్తగా మడిచి, పట్టీ చుట్టి, బొత్తాం నొక్కి, బల్ల మీద పెట్టి వెళ్ళిపోయిందట. ఆర్డరు రాలేదు. పెద్దాయన కొడుకు అన్నమాట ప్రకారమే చేశాడు. గేటు మీద పాత పేరే ఉంది, గొడుగులు ఇప్పటికీ అమ్ముతున్నారు, ఎక్కడివో తెలియదు. పెద్దాయనకి పోయిందేం లేదు. ఆ పార్టీ గెలవనూ లేదు.

మిషన్లు లారీకెక్కించే రోజు మధ్యాహ్నం నేను వెళ్ళాను. బొత్తాం అప్పటికే సామాను సర్దేసింది. భర్తకి దూరాన ఎక్కడో పని దొరికిందట, మళ్ళీ ఇంకో చోటికి. నన్ను చూసి, "వెళ్ళొస్తానండీ" అని నవ్వింది. పెద్దాయన మైకులో పొమ్మంటే పోని మనిషి ఇప్పుడు పోతోంది. ఆవిడ గురించి రాసిన ఒకే ఒక్క వాక్యాన్ని కాపాడలేకపోయాను నేను. క్షమించమని అడుగుదామనుకున్నాను. గేటు దగ్గర లారీ అడ్డమొచ్చింది, ఆమె అవతలి పక్కకి వెళ్ళిపోయింది.

హాల్లో అక్క ఒక్కతే గుడ్డ బేళ్ళ మీద కూర్చుని ఉంది. మిషన్లు తీసేసిన చోట నేల మీద నాలుగేసి కాళ్ళ మచ్చలు. బొటనవేలికి తొడుగు ఇంకా అలాగే ఉంది. పక్కన కూర్చున్నాను. జరిగిందంతా అప్పుడు చెప్పాను, మా నియమాలూ, పేరా ఎలా కరిగిపోయిందీ, ఒక్క వాక్యం పైకెలా ఎక్కిందీ. అక్క మధ్యలో అడ్డు రాకుండా వింది. అదే నన్ను భయపెట్టింది.

"అయితే నేనక్కడ రాసినందుకే నిన్ను పక్కకి తప్పించారా?"

"నీ తప్పేం లేదక్కా. అది అందరికీ కనిపిస్తుందని నేనే చెప్పలేదు."

"నవ్వుకున్నారా అందరూ?"

"లేదక్కా" అన్నాను. ఆవిడ నమ్మలేదని తెలిసిపోయింది.

తొడుగుని వేలి మీద అటూ ఇటూ తిప్పుకుంది. "ఆ ఫోటో తీయించెయ్యనా?" అని అడిగాను.

"ఎందుకు? ఉండనీ. నేనిక్కడ పనిచేశానని ఎక్కడో ఒకచోట ఉండాలిగా." తర్వాత నా మొహంలోకి చూసింది. "ఒకటడుగుతాను, చెప్పు. మీ నియమాలు వద్దు, పేపర్లు వద్దు. నీ మాట చెప్పు. ఆ పెద్దాయన అన్నది ఆ పేజీలో ఉండాల్సిందేనంటావా?"

ఈసారి చూస్తాననలేదు. "ఉండాలక్కా. మొత్తంగా ఉండాలి. ఆయనన్నదీ ఉండాలి, ఇక్కడ మీరంతా ఉన్నారన్నదీ ఉండాలి. నాకు మొదట్నుంచీ అదే ఉద్దేశం. నువ్వు ఎన్నిసార్లు అడిగినా నేను తీసేవాణ్ణి కాదు."

ఒంటికాలి మీద లేస్తుందనుకున్నాను. లేవలేదు. తొడుగు ఊడదీసి నా చేతిలో పెట్టి, చీర కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఈ ముక్క ఆ రోజే ఫోనెత్తి చెప్పుంటే, నీతో నాలుగు రోజులు మాట్లాడ్డం మానేసేదాన్ని" అంది. "అంతేగా చిన్నోడా, పోయేది?"